సుర్యాయా, అర్మాయా, ఆథోరాయా: ఒక జాతినామం పుట్టుక, దాని వ్యాకరణం

అడిగిన ప్రశ్నలో రెండు అంశాలున్నాయి. సిరియాక్ సంప్రదాయానికి, అంటే అరమాయిక్ భాషారూపమైన సిరియాక్‌ను ఆరాధనలో వాడే సంప్రదాయానికి చెందిన క్రైస్తవులు తమను తాము ‘సుర్యాయా’ అని పిలుచుకుంటారు. పశ్చిమ ఉచ్చారణలో అది ‘సుర్యోయో’, నేటి తూర్పు మాండలికాలలో ‘సూరాయా’. ఈ పేరుకు సిరియాతో సంబంధమా, నేటి ఉత్తర ఇరాక్ కేంద్రంగా వెలసిన ప్రాచీన అస్సిరియా రాజ్యంతోనా, అరమాయిక్ మాట్లాడిన ఆరాము జాతితోనా అన్నది మొదటి అంశం. పదనిర్మాణాన్ని బట్టి ఈ తగవును తీర్చవచ్చునా అన్నది రెండవది. కేరళలోని సురియాని క్రైస్తవులు సిరియా నుంచి వలస వచ్చినవారేనా అన్న అనుబంధ ప్రశ్నకు చివరలో సమాధానం ఇస్తాను.

ముందుగా క్లుప్తంగా చెప్పాలంటే, ‘సుర్యాయా’ వ్యుత్పత్తి గ్రీకు మీదుగా అస్సిరియా పేరు దగ్గరకే చేరుతుంది. కానీ ఆ పేరును ధరించిన ప్రజలు దానిని అందుకునే నాటికే తమను ‘అర్మాయే’ అని, అంటే ఆరామీయులని చెప్పుకునేవారు. పేరు ఒక దారిన వచ్చింది, ప్రజలు మరొక దారిన వచ్చారు. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్లనే వాదన తెగడం లేదని నా అభిప్రాయం.

వ్యాకరణంతో మొదలుపెట్టడం మేలు, ఎందుకంటే ఈ పేర్లన్నీ ఒకే అచ్చులో పోసినవి. అరమాయిక్ భాషలలో ఒక ఊరి పేరుకో, దేశం పేరుకో, మూలపురుషుడి పేరుకో, గురువు పేరుకో ‘-ఆయ్’ అనే ప్రత్యయం చేర్చితే ‘దానికి చెందిన’ అనే అర్థంలో విశేషణం ఏర్పడుతుంది. అరమాయిక్, అరబ్బీ, హీబ్రూలు చెందిన సెమిటిక్ కుటుంబపు వ్యాకరణంలో దీనిని అరబ్బీ మాటతో ‘నిస్బా’ అంటారు, ఆ మాటకు సంబంధం అని అర్థం. అరబ్బీలో ఈ ప్రత్యయం ‘-ఇయ్య్’ రూపంలోనూ, హీబ్రూలో ‘-ఈ’ రూపంలోనూ కనిపిస్తుంది. తెలుగువారికి ఇది పూర్తిగా కొత్తదేమీ కాదు. తెలంగాణ చరిత్రలో బాగా వినబడిన ‘ముల్కీ’ అనే మాటలో, దేశం అనే అర్థమున్న ‘ముల్క్’ అనే అరబ్బీ నామానికి చేరిన ఈకారం ఈ కుటుంబానిదే, ఫారసీ, ఉర్దూల మీదుగా మన దాకా వచ్చింది. ఫారసీకి స్వంతంగా ఇలాంటి ఈకారమే మరొకటి ఉండటంతో ‘హైదరాబాదీ’ వంటి మాటలలో ఆ రెండూ కలిసిపోయాయి.

అరమాయిక్ నామానికి మూడు స్థితులుంటాయి. ఏ చేర్పూ లేని స్థితి ఒకటి, వెనుక వచ్చే నామంతో షష్ఠీ సంబంధంలో కలిసే స్థితి ఒకటి, చివర ‘-ఆ’ చేరి నిర్దిష్టతను తెలిపే స్థితి ఒకటి. తొలినాటి అరమాయిక్‌లో ‘అర్మాయ్’ అంటే ఒక ఆరామీయుడు, ‘అర్మాయా’ అంటే ఆ ఆరామీయుడు. అంటే చివరి ‘ఆ’ ఒకప్పుడు ‘ఆ ఫలానా’ అనే పని చేసింది. ఎదెస్సా నగరం కేంద్రంగా ఎదిగిన సిరియాక్‌లోనూ ఇతర తూర్పు మాండలికాలలోనూ ఆ శక్తి అరిగిపోయింది. దానితో ‘-ఆ’ రూపమే నామానికి సహజరూపమైంది. కాబట్టి ‘సుర్యాయా’ చివరి దీర్ఘాన్ని చూసి అందులో ప్రత్యేకమైన నొక్కు ఉందని భావించనవసరం లేదు. ఈ అరుగుదల వల్ల తలెత్తిన లోటును తరువాతి మాండలికాలు తమ తమ పద్ధతులలో పూడ్చుకున్నాయి. ఆగ్నేయ తుర్కియేలోని తూర్ అబ్దీన్ ప్రాంతపు సురయ్త్ భాషలో పదానికి ముందు కొత్తగా ఉపపదాలు (ఆంగ్లంలోని ‘the’ వంటివి) పుట్టాయి: పుంలింగానికి ‘ఉ’, స్త్రీలింగానికి ‘ఇ’. ‘ఉ సుర్యోయో’ అన్నప్పుడు ముందున్న ‘ఉ’ నేటి ఉపపదం, వెనుకనున్న ‘ఓ’ మూడు వేల ఏళ్ల నాటి ఉపపదపు అవశేషం.

బహువచనం మరింత ఆసక్తికరమైనది. బైబిలులోని దానియేలు, ఎజ్రా గ్రంథాలలోని అరమాయిక్‌లో సాధారణ నామాలకు నిర్దిష్ట బహువచనం ‘-అయ్యా’. ‘మల్కయ్యా’ అంటే ఆ రాజులు. కానీ నిస్బా పదాలకు మాత్రం అక్కడ కూడా ‘-ఆయే’ అనే రూపమే వస్తుంది. యూదులకు ‘యెహూదాయే’, కల్దీయులకు ‘కస్దాయే’. ప్రత్యయంలోనే ఒక యకారం ఉండగా దానిపై మరొక ‘అయ్యా’ వచ్చి పడితే నోరు తిరగదు కనుక భాష దానిని తప్పించుకున్నది. తరువాత సిరియాక్‌లో సాధారణ నామాలకు కూడా ‘-ఏ’ వ్యాపించి రాజులు ‘మల్కే’ అయ్యారు. ఆ విధంగా ‘సుర్యాయే’, ‘అర్మాయే’ వంటి రూపాలు తూర్పు, పడమర తేడా లేకుండా ఒకే తీరున నిలబడ్డాయి. స్త్రీలింగ ఏకవచనం ‘సుర్యాయ్తా’, బహువచనం ‘సుర్యాయాథా’. నేటి తూర్పు మాండలికాలలో ‘ఆయ్’ కుంచించుకుపోయి ఏకారమైంది కనుక అక్కడ స్త్రీని ‘సురేతా’ అంటారు.

భాష పేరు మాత్రం ఈ విశేషణం నుంచి నేరుగా కాక క్రియావిశేషణం నుంచి వచ్చింది. నిస్బా పదానికి ‘-ఈథ్’ చేర్చితే ‘ఫలానా వారి రీతిలో’ అనే అర్థం వస్తుంది. ‘సుర్యాయీథ్’ అంటే సుర్యాయేల రీతిలో, అంటే వారి మాటలో. ఇరాక్, ఇరాన్ ప్రాంతాల క్రైస్తవులు తమ భాషను ‘సూరెత్’ అనడానికీ, తూర్ అబ్దీన్ వారు ‘సురయ్త్’ అనడానికీ మూలం ఈ రూపమే. భావవాచకానికి ‘-ఊథా’ చేరుతుంది: ‘అర్మాయూథా’ అంటే ఆరామీయత. కుర్దిస్తాన్ యూదులలో కొందరు తమ అరమాయిక్‌ను ‘హులౌలా’ అనేవారు. చెవికి పరాయిగా వినిపించే ఆ పేరు కూడా ‘యెహూదాయూథా’ అనే భావవాచకం దకారం లకారంగా మారి అరిగిన రూపమే.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఈ ప్రత్యయం సంబంధం ఉందని మాత్రమే చెబుతుంది, ఆ సంబంధం ఎటువంటిదో చెప్పదు. ‘ఉర్హాయా’ అంటే ఉర్హాయ్ నగరవాసి. ఆ నగరాన్నే గ్రీకులు ఎదెస్సా అన్నారు, నేడు అది తుర్కియేలోని ఉర్ఫా. ‘మ్షీహాయా’ అంటే మెస్సీయ అనుచరుడు. ‘యాకోబాయా’ అంటే 6వ శతాబ్దపు బిషప్పు యాకోబు బరదాయ్ పేరుతో గుర్తింపు పొందిన సంఘంవాడు. ‘హెంద్వాయా’ అంటే భారతీయుడు. ఊరు, మతం, గురువు, దేశం అన్నిటికీ ప్రత్యయం ఒక్కటే. అందువల్ల పదనిర్మాణాన్ని విప్పి చూపి ‘ఇది రక్తసంబంధాన్ని చెప్పే పేరు’ అనో, ‘ఇది కేవలం ప్రాంతం పేరు’ అనో తేల్చడం సాధ్యం కాదు. క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఈజిప్టులోని ఎలిఫెంటైన్ ద్వీపంలో పర్షియన్ చక్రవర్తుల కొలువులో ఉన్న యూదు సైనికుల దస్తావేజులు అరమాయిక్‌లో దొరికాయి. వాటిలో యెదన్యా కుమారుడు మహ్సేయా అనే వ్యక్తి ఒక పత్రంలో ఎలిఫెంటైన్ కోటకు చెందిన ‘యూదుడు’, మరొక పత్రంలో స్యేనే పట్టణపు ‘ఆరామీయుడు’. మనిషి ఒక్కడే, పత్రాన్ని బట్టి నిస్బా మారింది. జాతి పేరంటే పుట్టుమచ్చ వంటిదని భావించేవారికి ఈ పత్రాలు చూపించాలి.

ఇక ఒక్కొక్క పేరు చరిత్ర. ముందుగా ఆరాము పేరును చూద్దాం. క్రీ.పూ. 1114 నుంచి 1076 వరకు పాలించిన అస్సిరియా రాజు మొదటి తిగ్లత్-పిలేసెర్ తన శాసనాలలో ‘అహ్లమూ అర్మాయా’ అనే సంచార జనాన్ని తరుముతూ యూఫ్రటీస్ నదిని 28 సార్లు దాటినట్లు చెప్పుకున్నాడు. వారు మనకు చరిత్రలో ఎదురయ్యేదే నిస్బా రూపంలో, అదీ శత్రువు రాయించిన రాతలో. ఆ తరువాత వారు దమస్కు మొదలైన చోట్ల రాజ్యాలు స్థాపించారు, అస్సిరియా వాటిని జయించింది, జయించినవారి సామ్రాజ్యమంతటా మాత్రం ఓడినవారి భాషే పాకింది. గ్రీకులు వచ్చే నాటికి ఆ ప్రజలు ఇంట్లో ఆరామీయులు, గ్రీకుల నోట ‘సిరియన్లు’. గ్రీకులు సిరియన్లని పిలిచేవారు తమలో తాము ఆరామీయులమని చెప్పుకుంటారని భూగోళవేత్త స్ట్రాబో, పొసిడోనియస్ మాటగా నమోదు చేశాడు. 1వ శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ కూడా అదే చెప్పాడు. హీబ్రూ బైబిలును గ్రీకులోకి తెచ్చినవారు ‘అరామీథ్’ అన్నచోట ‘సిరియన్ల భాషలో’ అని రాశారు. తెలుగు బైబిలులో రాజుల రెండవ గ్రంథం 18వ అధ్యాయంలో హిజ్కియా అధికారులు ‘సిరియా భాష’లో మాట్లాడమని కోరడం చదివినవారు ఆ గ్రీకు అలవాటు ఎంత దూరం ప్రయాణించిందో గమనించవచ్చు. మూలంలో అక్కడున్నది అరమాయిక్.

మరి తమ సొంత పేరును వారు ఎందుకు వెనక్కి నెట్టారు? దీనికి ప్రధాన కారణం మతం. సిరియాక్ బైబిలు అయిన పెషీత్తాలో, పౌలు పత్రికలలో గ్రీకు మూలం ‘యూదుడని గ్రీకువాడని లేదు’ అన్నచోట అనువాదకులు ‘యూదుడని అర్మాయా అని లేదు’ అని రాశారు. అంటే యూదుడు కానివాడు, అన్యుడు అనే అర్థంలో తమ జాతి పేరునే వాడుకున్నారు. యూదుల వాడుకలో కూడా ఆరామీయుడు అన్యమతస్థుడికి పర్యాయపదంగా ఉండేది. క్రైస్తవం స్థిరపడిన తరువాత అన్యుడనే అర్థమున్న పేరును భక్తులు తమకు తగిలించుకోవడానికి జంకడం సహజమే. మన చరిత్రలో దీనికి తలకిందుల ఉదాహరణ ఒకటి ఉంది. అన్యమతస్థుడు అనే అర్థమున్న పోర్చుగీసు మాట నుంచి వచ్చిన ‘జెంటూ’ను మద్రాసులోని ఆంగ్లేయులు తెలుగువారికీ తెలుగు భాషకూ పేరుగా వాడారు. అక్కడ జాతి పేరు దిగజారి అన్యుడికి పేరైతే, ఇక్కడ అన్యుడి పేరే జాతికి పేరైంది.

తరువాతి సిరియాక్ పండితులు ఈ చిక్కును అచ్చులతో విడదీశారు. ‘అర్మాయా’ అని పలికితే అన్యుడు, ‘ఆరామాయా’ అని పలికితే ఆరాము సంతతివాడు. చాలా మంది ఈ భేదాన్ని ఆదినుంచీ ఉన్నదిగా ఉదహరిస్తారు, కానీ అక్కడ ఆగి ఆలోచించాలి. సిరియాక్ రాతలో ఆ రెండు పదాల హల్లులు సరిగ్గా ఒకటే. అచ్చులను పూర్తిగా చూపే గుర్తులు 7, 8 శతాబ్దాల నాటికి గానీ రూపుదిద్దుకోలేదు. 373లో మరణించిన కవి ఎఫ్రేము, తన ప్రత్యర్థి బర్దైసాన్‌ను ‘అర్మాయేల తత్త్వవేత్త’ అన్నప్పుడు ఆయన మనసులో ఏ అచ్చు ఉందో ఆ రాత చెప్పదు. పైగా తిగ్లత్-పిలేసెర్ శాసనాలలోని రూపం ‘అర్మాయా’కే దగ్గరగా ఉంది. ‘ఆరామాయా’ బైబిలులోని ఆరాము పేరును చూసి చక్కదిద్దుకున్న రూపమని, ఆ భేదం సహజ పరిణామం కాక పాఠశాలలలో పుట్టిన ఏర్పాటని నేను భావిస్తున్నాను. అన్నట్టు అదే ఎఫ్రేమును స్తుతిస్తూ సిరియాక్ కవి సెరూగ్ యాకోబు ‘అర్మాయూథాకు కిరీటం’ అన్నాడు, కాబట్టి ఆ పేరు గౌరవాన్ని పూర్తిగా కోల్పోలేదు కూడా.

ఇప్పుడు ‘సుర్యాయా’. గ్రీకులు సిరియా, అస్సిరియా అనే రెండు మాటలను మొదట్లో కలగాపులగంగా వాడారు. గ్రీకులు సిరియన్లు అనేవారిని ఇతరులు అస్సిరియన్లు అంటారని క్రీ.పూ. 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ఈ రెండు మాటలూ ఒకటేనని, మొదటి అకారం జారిపోవడం వల్ల సిరియా ఏర్పడిందని జర్మన్ పండితుడు థియొడోర్ నోల్డెకే 1871లో ఒక వ్యాసంలో వాదించాడు. శతాబ్దానికి పైగా అది బలమైన ఊహగానే ఉండిపోయింది. 1997లో దక్షిణ తుర్కియేలో అదానా సమీపంలోని చినెకోయ్ వద్ద ఒక విగ్రహం బయటపడింది. దానిపై క్రీ.పూ. 8వ శతాబ్దపు స్థానిక రాజు లువియన్ (ప్రాచీన అనటోలియా భాష), ఫినీషియన్ (నేటి లెబనాన్ తీరపు ప్రాచీన భాష) అనే రెండు భాషలలో ఒకే శాసనాన్ని చెక్కించాడు. అస్సిరియా రాజు, ఆయన వంశమంతా తనకు తల్లీ తండ్రీ అయ్యారని ఆ రాజు అందులో చెప్పుకుంటాడు. ఫినీషియన్ పాఠంలో ‘అష్షూర్’ ఉన్న చోట లువియన్ పాఠంలో ‘సూర’ అని ఉంది. అంటే అకారం లేని రూపం గ్రీకుల పొరపాటు కాదు, వారు ఆ తీరానికి వ్యాపారానికి వచ్చే నాటికే అక్కడి జనం నోట నలుగుతున్న మాట. రాబర్ట్ రోలింగర్ 2006లో ఈ శాసనం ఆధారంగా సిరియా, అస్సిరియాల పాత వివాదం ముగిసినట్లేనని ప్రకటించాడు.

నేను ఆయనతో ఏకీభవిస్తాను, అయితే ఒక్క హెచ్చరికతో. యూఫ్రటీస్ ఒడ్డునున్న కర్కెమిష్ నగర పాలకుడు యరిరి తనకు తెలిసిన లిపులను ఒక లువియన్ శాసనంలో చెబుతూ ‘సూర’ లిపినీ అస్సిరియా లిపినీ వేర్వేరుగా పేర్కొన్నాడు. అక్కడి ‘సూర’ను చాలా మంది ఫినీషియన్ల తూరు నగరంగా, అంటే ఫినీషియన్ లిపిగా అర్థం చేసుకుంటారు. కనుక లువియన్‌లో ‘సూర’ కనిపించిన ప్రతిచోటా అస్సిరియా అని రాయకూడదు. చినెకోయ్‌లో పక్కనే ఫినీషియన్ పాఠం ఉండటం వల్లనే మనకు ఆ ధైర్యం.

ఇంతవరకు ఒప్పుకున్నవారు వెంటనే వేసే ప్రశ్న ఒకటుంది: ‘అయితే సుర్యాయా అనే మాట అస్సిరియా కాలం నుంచీ అరమాయిక్‌లోనే తెగకుండా వస్తున్నదని అనవచ్చు కదా?’ ఇక్కడ ధ్వనులు సాక్ష్యం చెబుతాయి. హీబ్రూలో షకారం ఉన్న కొన్ని పదాలకు అరమాయిక్‌లో తకారం వస్తుంది. మూడుకు హీబ్రూలో ‘షాలోష్’, సిరియాక్‌లో ‘త్లాథా’. ఎద్దుకు హీబ్రూలో ‘షోర్’, సిరియాక్‌లో ‘తౌరా’. హీబ్రూ ‘అష్షూర్’కు సిరియాక్ ‘ఆథోర్’ కూడా ఈ వరుసలోనిదే. అచ్చు తరువాత వచ్చిన తకారం ఊదుతూ పలికే ధ్వనిగా మారడం అరమాయిక్‌లో మామూలు కనుక దానిని ‘థ’గా రాశాను. పర్షియన్ చక్రవర్తుల శాసనాలలో ఆ దేశం పేరు ‘అథురా’ కావడం ఈ రూపం ఎంత పాతదో చూపిస్తుంది. దీని నుంచి ఏర్పడిన నిస్బా ‘ఆథోరాయా’. మధ్యయుగాలలో ఆథోర్ అంటే ముఖ్యంగా మోసుల్ పరిసర ప్రాంతం, ఆథోరాయా అంటే ఆ ప్రాంతపు మనిషి. అస్సూరు నగరం పేరును అరమాయిక్ తన పద్ధతిలో దాచుకున్న రూపం ఇది. సకారంతో ఉన్న ‘సుర్యాయా’ ఆ భాషలోపల ఆథోర్ నుంచి పుట్టడానికి వీలులేదు, అది బయటినుంచి తిరిగి వచ్చి ఉండాలి.

దీనికి ఎదురువాదం లేకపోలేదు. అస్సిరియా చివరి దశలోని మాండలికంలో షకారాన్ని పొరుగువారికి సకారంగా వినబడేలా పలికేవారు. ‘షర్రు-కీన్’ అనే రాజు పేరు హీబ్రూ బైబిలులో ‘సర్గోన్’ కావడం దీనికి తెలిసిన ఉదాహరణ. ఆ మాండలికపు ‘అస్సూరాయు’ నుంచే, మొదటి అచ్చు జారి, నేరుగా ‘సూరాయా’ వచ్చిందని ఫిన్లాండ్ పండితుడు సిమో పర్పోలా వాదించాడు. ధ్వనిశాస్త్రపరంగా ఇది అసాధ్యమేమీ కాదు. అయినా నేను గ్రీకు దారినే సమర్థిస్తాను, దానికి రెండు కారణాలు. సాంప్రదాయిక సిరియాక్‌లో ‘సుర్యాయా’ను రెండు యకారాలతో రాస్తారు. ఒకటి ప్రత్యయానిదైతే, రెండవది ‘సుర్యా’ అనే దేశనామానిది, ఆ దేశనామం గ్రీకు ‘సురియా’ను వినిపిస్తున్నదే గానీ ‘అస్సూర్’ను కాదు. రెండవ కారణం, క్రీ.పూ. 612లో నినెవె పతనమైన తరువాత కొన్ని శతాబ్దాల పాటు అరమాయిక్ పత్రాలలో కనిపించే స్వనామం అర్మాయా తప్ప సూరాయా కాదు. నేటి ‘సూరాయా’లో ఒక యకారం లోపించడం నోటి వాడుకలో జరిగిన తేలికపాటి సంక్షేపం. ఈ మధ్యకాలంలో కొందరు దీనికి ముందు ఒక అకారాన్ని రాసి, దానిపై పలకనవసరం లేదని తెలిపే గీత గీస్తారు. అది వ్యుత్పత్తిపై తమ నమ్మకాన్ని వర్ణక్రమంలో ప్రకటించడం మాత్రమే, పాత రాతప్రతులకు దానితో పనిలేదు.

గ్రీకు నుంచి అరువు వచ్చిందన్నంత మాత్రాన ఆ పేరు పైపైన అంటించుకున్నదని భావించరాదు. 662లో యూఫ్రటీస్ తీరంలోని కెన్నెష్రే మఠానికి చెందిన పండితుడు సెవెరస్ సెబోఖ్త్ రాసిన మాటలు ఇందుకు సాక్ష్యం. సమస్త విజ్ఞానమూ గ్రీకులదే అనేవారిపై ఆయన విసుక్కుంటూ, ఖగోళశాస్త్రానికి ఆద్యులైన బాబిలోనియన్లు సుర్యాయేలే కదా అని వాదించాడు. అంటే ఆ పేరు గ్రీకులు ఇచ్చిందే అయినా, దానిని పట్టుకుని గ్రీకులకే ఎదురు నిలిచాడు. ఆ సందర్భంలోనే ఆయన హెంద్వాయేల ప్రస్తావన తెచ్చి, భారతీయుల లెక్కింపు మాటలకందనిదని, అది తొమ్మిది గుర్తులతో జరుగుతుందని మెచ్చుకున్నాడు. మన అంకెలను భారతదేశానికి పడమట ప్రస్తావించిన తొలి రాతలలో ఇది ఒకటి. అందులో మన జాతికి తగిలించినది కూడా అదే నిస్బా ప్రత్యయం కావడం ఈ చర్చకు సంబంధించినంతవరకు నాకు ఇష్టమైన వివరం. ఆ తరువాత 708లో మరణించిన ఎదెస్సా యాకోబు తన వ్యాకరణంలో భాషను ‘నహ్రాయా’, అంటే నదుల మధ్య దేశానిది, అన్నాడు. 12వ శతాబ్దపు పాట్రియార్కు మహా మిఖాయేలు, ఆరాము సంతానమైన తమ జనానికే సుర్యాయే అనే పేరు వచ్చిందని తన చరిత్ర గ్రంథానికి చేర్చిన అనుబంధంలో రాశాడు. పేర్లను ఒకదానికొకటి శత్రువులుగా కాక పొరలుగా చూడటం ఆ పాతవారికి తెలుసు.

శత్రుత్వం 19వ శతాబ్దంలో మొదలైంది. 1843లో ఫ్రెంచివాడైన బోటా ఖోర్సాబాద్‌లోనూ, 1845లో ఆంగ్లేయుడైన లేయార్డ్ నిమ్రూద్‌లోనూ అస్సిరియా రాజభవనాలను తవ్వితీశారు. లేయార్డ్‌కు కుడిభుజంగా పనిచేసిన హొర్ముజ్ద్ రస్సాం మోసుల్‌కు చెందిన క్రైస్తవుడు. ఇరాన్‌లోని ఊర్మియాలో అమెరికన్ మిషనరీల అచ్చుయంత్రం నడుస్తుండగా, 1849 నుంచి అక్కడ వాడుక సూరెత్ భాషలో పత్రిక వెలువడుతుండగా, రెక్కల ఎద్దుల బొమ్మలు చూసిన ఒక తరం తమను ఆథోరాయేలుగా గుర్తించుకున్నది. ఇది ఇరాక్, ఇరాన్ ప్రాంతాల క్రైస్తవుల ప్రాచీన ‘తూర్పు సంఘా’నికే పరిమితం కాలేదు. దియార్‌బకీర్‌కు చెందిన పశ్చిమ సంప్రదాయపు రచయిత నవూమ్ ఫాయెఖ్ కూడా ఈ పేరును ఎత్తిపట్టాడు. మరికొందరు ఆరామాయా పేరుకు తిరిగి వెళ్లారు. రోము కాథలిక్ సంఘంతో ఐక్యమైన శాఖవారు 15, 16 శతాబ్దాల నుంచీ ‘కల్దాయా’ అనే పేరుతో ఉన్నారు. వీటన్నిటి కింద, గ్రామాల వాడుకలో మాత్రం సూరాయా అంటే చాలా చోట్ల క్రైస్తవుడు అనే అర్థమే నిలిచింది. అన్యుడికి అర్మాయా, మనవాడికి సూరాయా అన్న పాత విభజన తర్కం అక్కడ ఇంకా బతికే ఉందన్నమాట.

దీని రాజకీయ పర్యవసానాలను వేగంగా దాటుతాను. స్వీడన్‌లోని సొదర్తెల్యె పట్టణంలో అస్సిరిస్కా, సిరియాన్స్కా అని ఈ ఒకే సమాజానికి రెండు ఫుట్‌బాల్ జట్లున్నాయి. స్వీడిష్ భాష సిరియా పౌరుడిని ‘సిరియెర్’ అనీ, సుర్యోయోను ‘సిరియాన్’ అనీ వేరుచేసింది. సిరియాక్ ఆర్థోడాక్స్ సంఘం 2000లో ఆంగ్లంలో ‘సిరియన్’కు బదులు ‘సిరియాక్’ వాడాలని నిర్ణయించింది. అదే ఏడాది అమెరికా జనగణన అస్సిరియన్, కల్దియన్, సిరియాక్ అనే మూడు పేర్లను గీతలతో కలిపి ఒకే గడిలో పెట్టింది. ఇజ్రాయెల్ 2014లో ‘ఆరామీయ’ను ప్రత్యేక జాతిగా నమోదు చేయడానికి అనుమతించింది.

ఇక కేరళ సంగతి. అక్కడి ‘సురియాని’ అరబ్బీ ‘సుర్యానీ’ రూపానికి దగ్గరగా ఉన్న మాట. అది వారి ఆరాధనభాషను, సంఘ సంప్రదాయాన్ని సూచిస్తుంది, పూర్వీకుల పౌరసత్వాన్ని కాదు. వారి పాత సంబంధాలు నేటి సిరియా దేశంతో కాక మెసొపొటేమియా, పర్షియాలలోని తూర్పు సంఘంతో ఉండేవి. పశ్చిమ సిరియాక్ సంప్రదాయం 1665లో పశ్చిమ సిరియాక్ బిషప్పు మార్ గ్రెగోరియోస్ రాకతో గానీ అక్కడ వేళ్లూనుకోలేదు. మలయాళంలో ఈ సంఘాలకున్న పేర్లు వినండి: ‘యాకోబాయ’, ‘కల్దాయ’. వీటి చివరనున్నది మలయాళ ప్రత్యయం కాదు, పైన వివరించిన అరమాయిక్ నిస్బాయే, చివరి దీర్ఘం మాత్రం హ్రస్వమైంది.

తెలుగులో రాసేటప్పుడు నేను పాటించే పద్ధతి చెబుతాను. సిరియా దేశపు నేటి పౌరులను సిరియన్లు అంటాను. సాంప్రదాయిక సాహిత్యభాషను సిరియాక్ అని, కేరళ సందర్భంలో అయితే అక్కడి వాడుకను గౌరవించి సురియాని అని రాస్తాను. క్రీ.పూ. 612కు ముందున్న రాజ్యాన్ని అస్సిరియా అని, దాని ప్రజలను అస్సిరియన్లు అని అంటాను. నేటి సమాజాల విషయంలో ఎవరు తమను ఏ పేరుతో చెప్పుకుంటే ఆ పేరే వాడతాను. మీరు ప్రశ్నలో ఉదహరించిన ‘సుర్యాయా’ను అనువదించవలసి వస్తే, 4, 5 శతాబ్దాల గ్రంథమైతే ‘సిరియాక్ భాషీయుడు’ అనడం చాలు. 20వ శతాబ్దపు పత్రికైతే రచయిత ఏ పక్షంవాడో చూసుకున్న తరువాతే కలం కదపాలి.